ఆక్సిజన్ అంకె పెరిగితే రోగి కోలుకున్నట్టేనా?

ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 60 మిల్లీమీటర్ల పాదరస మట్టం కంటే తగ్గినా, బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ 45 దాటి పేరుకున్నా దాన్ని శ్వాస వైఫల్యం అంటారు. న్యుమోనియా, ఏళ్ల తరబడి పొగకు పాడైన ఊపిరితిత్తులు, నరాల జబ్బులు, ఇలా కారణాలు అనేకం. చికిత్స మాత్రం పైకి చాలా తేలికగా తోస్తుంది: ఆక్సిజన్ తగ్గింది కాబట్టి పెట్టాలి, ఊపిరి ఆడటం లేదు కాబట్టి యంత్రంతో ఊదాలి. ఇంత సహజంగా కనిపించే ఈ తర్కం చాలాసార్లు ప్రాణాల మీదికి తెచ్చింది. ఆ సంగతి బయటపెట్టినవి క్లినికల్ ట్రయల్సే.

ట్రయల్ అంటే కొత్త మందును మనుషుల మీద వేసి చూడటమే అన్న అభిప్రాయం బలంగా ఉంది. శ్వాస వైఫల్యంలో జరిగిన ముఖ్యమైన ట్రయల్స్‌లో చాలావాటిలో అసలు కొత్త మందే లేదు. డాక్టర్లు అప్పటికే వాడుతున్న రెండు పద్ధతుల్లో ఏది మేలో తేల్చడమే వాటి పని. రైతు కొత్త విత్తనాన్ని కాలువ పక్క మడిలో, పాత విత్తనాన్ని చివరి మడిలో చల్లితే దిగుబడిలో తేడా విత్తనానిదో నీటిదో తేలదు. నీరు కంటికి కనిపిస్తుంది కనుక చివరి మడికీ అంతే పెట్టవచ్చు. నేల అడుగున చవుడు ఉంటే? దాన్ని సరిచేయాలన్న ఆలోచనే రాదు. అందుకే పొలాన్ని చిన్న మడులుగా చేసి, ఎక్కడ ఏ విత్తనమో చీటీలు వేసి తేల్చాలి. అప్పుడు కనిపించని చవుడు కూడా రెండు విత్తనాలకూ దాదాపు సమానంగా పడుతుంది. రోగుల వయసు, షుగరు, జ్వరం డాక్టరుకు తెలుస్తాయి. చవుడు లాంటివి తెలియవు. ఎంపిక డాక్టరు చేతిలో ఉంటే, తట్టుకోగలడనిపించిన రోగికే కొత్త చికిత్స వెళ్తుంది. ఈ పద్ధతి నిజంగానే పొలంలో పుట్టింది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో 1920లలో రొనాల్డ్ ఫిషర్ దానికి గణిత పునాది వేశాడు. 1948లో వెలువడిన స్ట్రెప్టోమైసిన్ ట్రయల్‌తో అది ఊపిరితిత్తుల క్షయ రోగుల దగ్గరికి వచ్చింది.

పోలిక లేని నమ్మకానికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో మృగశిర కార్తె నాడు ఉబ్బసానికి చేప మందు కోసం వేలమంది వరుస కడతారు. ఉబ్బసం తనంతట తాను తగ్గుతూ పెరుగుతూ ఉండే జబ్బు. మింగినవారిలో కొందరికి తగ్గిందన్నది ఏమీ రుజువు చేయదు. ఒకే రకం రోగులను మింగేవారు, మింగనివారుగా చీటీ వేసి విడదీసి పోల్చితే తప్ప ఆ మాటకు విలువ లేదు.

ఆక్సిజన్ అంకెను నమ్మడం ఎంత ప్రమాదమో చెప్పిన గొప్ప ట్రయల్ అమెరికాలో 1996 నుంచి 1999 వరకు సాగింది. తీవ్రమైన న్యుమోనియాలో, రక్తం విషపూరితమైనప్పుడు గాలి తిత్తులు నీరు పట్టి మూసుకుపోతాయి. ఈ స్థితిని ఏఆర్‌డీఎస్ అంటారు. అప్పటి అలవాటు ప్రకారం వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు శరీర బరువులో కిలోకు 10 నుంచి 15 మిల్లీలీటర్ల గాలి నింపేది. ట్రయల్‌లో 861 మందిని చీటీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు కిలోకు 12, రెండో జట్టుకు 6 మిల్లీలీటర్లు. బరువును తూకం వేసి కాక, ఎత్తును బట్టి లెక్కగట్టారు; మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తి పెరగదు కదా. 70 కిలోల లెక్కకు అది 840, 420 మిల్లీలీటర్ల తేడా. మొదటి రోజుల్లో ఆక్సిజన్ ఎక్కువ గాలి అందిన జట్టులోనే మెరుగ్గా ఉంది. మానిటర్ చూసి తీర్పు చెప్పేవారైతే పాత పద్ధతే గెలిచిందనేవారు. చివరికి ఆ జట్టులో 39.8 శాతం మంది చనిపోయారు, తక్కువ గాలి జట్టులో 31 శాతం. తేడా స్పష్టం కావడంతో ట్రయల్‌ను ముందే ఆపేశారు. కారణం ఇది: జబ్బు ఊపిరితిత్తిలో గాలి చొరబడే భాగం కొంచెమే మిగులుతుంది. నింపిన గాలంతా ఆ కొంచెంలోకే పోయి దాన్ని సాగదీస్తుంది. సాగి దెబ్బతిన్న చోట పుట్టిన వాపు రసాయనాలు రక్తంలో కలిసి ఇతర అవయవాలకూ హాని చేస్తాయి. ఏఆర్‌డీఎస్ రోగులకు వెంటిలేటర్‌తో తక్కువ గాలే నింపాలనే నేటి పద్ధతికి ఈ ట్రయలే ప్రధాన ఆధారం.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సుల్లోనే ఒక ట్రయల్ జరిగింది. ఆయాసం ముదిరిన 405 మందిలో కొందరికి పూర్తి ధారగా ఆక్సిజన్, కొందరికి పల్స్ ఆక్సీమీటర్‌లో 88 నుంచి 92 శాతం మధ్య నిలిచేంత మాత్రమే ఇచ్చారు. 2010లో ఫలితం వచ్చింది: పూర్తి ధార జట్టులో 9 శాతం, కొలిచి ఇచ్చిన జట్టులో 4 శాతం మరణాలు. పొగతో పాడైన ఊపిరితిత్తులున్నవారికి ఆక్సిజన్ మితిమీరితే కార్బన్ డయాక్సైడ్ మరింత పేరుకుంటుంది.

ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవడం సంగతి వేరు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినవారికి రోజుకు 15 గంటలో అంతకు మించో ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లలో అమెరికా, బ్రిటన్ ట్రయల్స్ తేల్చాయి. కొద్దిగా తగ్గినవారికి ప్రయోజనం లేదని 2016లో 738 మందిపై జరిగిన ట్రయల్ చెప్పింది. 24 గంటలూ పెట్టుకున్నా 15 గంటల కంటే అదనపు మేలు లేదని 2024లో స్వీడన్ నుంచి వచ్చింది. ఇక మందూ అక్కర్లేని చికిత్స ఒకటుంది. తీవ్రమైన ఏఆర్‌డీఎస్ రోగిని రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16కు తగ్గాయి. 466 మందిపై ఎక్కువగా ఫ్రాన్స్‌లో జరిగిన ఈ ట్రయల్ 2013లో వెలువడింది.

కోవిడ్ కాలంలో బ్రిటన్ ట్రయల్ చౌకైన స్టెరాయిడ్ డెక్సామెథసోన్‌ను పరీక్షించింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలేమీ కనిపించలేదు. అయినా 2021లో మన ఊళ్లలో జ్వరం వచ్చిన మొదటి రోజే స్టెరాయిడ్ మింగినవారున్నారు. కోవిడ్ నుంచి కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కించే చికిత్స కథ ఇంకా బాధాకరం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మందిపై జరిపిన ట్రయల్‌లో ప్లాస్మా వల్ల జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదని 2020లోనే తేలింది. 2021 మేలో జాతీయ మార్గదర్శకాల నుంచి తీసేసేదాకా దాతల కోసం కుటుంబాలు పరుగులు పెడుతూనే ఉన్నాయి. కర్పూరం, వాము, లవంగాలు మూటగట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందన్న వాట్సాప్ మాట ఎంతమందిని ఆసుపత్రికి ఆలస్యం చేసిందో లెక్కలేదు.

ట్రయల్‌లో చేర్చాలంటే రోగి అనుమతి కావాలి. కానీ వెంటిలేటర్ మీద ఉన్న మనిషి అనుమతి చెప్పలేడు. అతని తరఫున చట్టబద్ధమైన ప్రతినిధి, సాధారణంగా దగ్గరి బంధువు, సంతకం చేస్తారు. ఈ సంతకం మీద తెలుగువారికి ఉన్న అనుమానానికి కారణం ఉంది. ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చిన ప్రాజెక్టులో ఎన్నో అనుమతి పత్రాలపై తల్లిదండ్రులు కాక హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. ఆ కోపం న్యాయమైనది. కానీ దాని నుంచి ట్రయల్సే వద్దనే నిర్ణయానికి రావడం తప్పు. ట్రయల్ లేని చోట ప్రతి రోగి మీదా లెక్క రాయని ప్రయోగమే జరుగుతుంది.

మన దేశంలో 2009 నుంచి ప్రతి ట్రయల్‌నూ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో నమోదు చేయడం తప్పనిసరి. అక్కడ ఎవరైనా చూడవచ్చు. ఐసీయూ బయట కాగితం చేతికిచ్చినప్పుడు బంధువులు మూడు సంగతులు అడగాలి: నమోదు సంఖ్య ఎంత, ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా, రెండో జట్టుకు అందే చికిత్స ఏమిటి. సంతకం చేశాక కూడా కారణం చెప్పకుండా ఎప్పుడైనా తప్పుకోవచ్చు. తప్పుకున్నారని మామూలు వైద్యం ఆపకూడదు.