ఫ్లెక్సీ ముందు తెరుచుకున్న ఫోను

నిమజ్జనానికి ముందురోజు సాయంత్రం మంథనిలో మా వాడకట్టు గణపతి మండపం దగ్గర మా అక్క కొడుకు కొత్త ఫోను చూపిస్తున్నాడు. పన్నెండు వేల రూపాయల లోపు ఫోను. జేబులోంచి తీయడం ఆలస్యం, వాడి ముఖం చూసి తెరుచుకుంటోంది. "నా మొఖం లేకుంట ఇది ఎవ్వలకూ తెరుసుకోదు మామా" అన్నాడు. వాడి మాటలో గర్వం కంటే నమ్మకం ఎక్కువగా ఉంది. అదే నన్ను ఆలోచనలో పడేసింది.

మండపం పక్కన పండుగ శుభాకాంక్షల ఫ్లెక్సీ ఉంది. యూత్ పిల్లల ముఖాలు రెండు వరుసల్లో అచ్చువేశారు. కింది వరుసలో ఎడమ నుంచి మూడోది వాడిదే. ఫోను తీసుకుని దాని తెరను ఫ్లెక్సీ వైపు తిప్పి పట్టాను. మొదటిసారి తెరుచుకోలేదు. పక్కనున్న రెండు ముఖాలూ కెమెరాకు కనబడుతున్నాయి, పైన లైటు వెలుగు ఫ్లెక్సీ మీద పడి మెరుస్తోంది. రెండోసారి ఎడమ అరచేత్తో పక్క ముఖాన్ని కప్పి, ఫోనును జానెడు దగ్గరికి జరిపాను. టక్కున తాళం గుర్తు పోయి ఫొటోలు, వాట్సాప్, ఫోన్‌పే అన్నీ తెర మీదికొచ్చాయి. పిల్లగాడి ముఖం వాడిపోయింది. వాడి తప్పేమీ లేదు. ముఖం చూసి తలుపు తీసే ఈ యంత్రం పుట్టుకలోనే ఆ లోపం ఉంది. దాని కథ వాడికి చెప్పినట్టే ఇక్కడా చెబుతాను.

ముఖాన్ని యంత్రానికి నేర్పే పని 1964లో అమెరికాలోని పాలో ఆల్టోలో మొదలైంది. వుడ్రో బ్లెడ్సో అనే గణితవేత్త, ఆయన సహచరులు ఫొటోలను ఒక పలక మీద పరిచి, కంటిపాప నడిమి చోటు, కళ్ల లోపలి మూలలు, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు ఇట్లా గుర్తులు పెట్టించేవారు. ఆ గుర్తుల మధ్య 20 దూరాలు లెక్కగట్టి కంప్యూటర్‌కు ఇచ్చేవారు. మనిషి చేత్తో గుర్తులు పెట్టాలి కాబట్టి గంటకు 40 ఫొటోల దాకా అయ్యేవి. తల కాస్త పక్కకు తిరిగినా, వెలుగు మారినా, వయసు మీదపడినా లెక్క తప్పుతుందని ఆయన అప్పుడే గుర్తించాడు. అరవై ఏళ్ల తర్వాత మన ఫోన్లను ఇబ్బంది పెడుతున్నవీ ఈ మూడే.

మనిషి చేయి అక్కర్లేకుండా కంప్యూటర్ తనంతట తాను కన్ను, ముక్కు, నోరు వెతుక్కునేలా చేసింది జపాన్‌వాడు తకియో కనాదే. 1973లో క్యోటో విశ్వవిద్యాలయంలో ఆయన సమర్పించిన పరిశోధన గ్రంథం ఈ రంగానికి మూలస్తంభం. ఇక్కడ మన తెలుగువాళ్లకు చెప్పాల్సిన సంగతొకటి ఉంది. 1980లో కనాదే అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వచ్చి చేరింది రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో. 1979లో ఆ సంస్థ పుట్టినప్పటి నుంచీ దానికి డైరెక్టర్ చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న ఆ రాజ్ రెడ్డే తర్వాత మన పల్లె పిల్లల కోసం 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్ అయ్యారు. దాని క్యాంపస్‌లలో ఒకదాన్ని బాసరలో పెట్టారు. బాసర మీదుగా వచ్చే గోదావరే కిందికి దిగి మంథని గౌతమేశ్వరుడి రేవును తాకుతుంది. ముఖ గుర్తింపు చరిత్ర మనకు దూరపుదేమీ కాదని నేను అనుకోవడానికి ఇదొక కారణం.

తర్వాతి నలభై ఏళ్లు వేగంగా చెప్పొచ్చు. 1991లో టర్క్, పెంట్‌లాండ్ అనే ఇద్దరు ముఖాన్ని కొలతలుగా కాక మొత్తంగా ఒక వెలుగునీడల బొమ్మగా లెక్కించే పద్ధతి తెచ్చారు. 2001లో వయోలా, జోన్స్ కెమెరాలో ముఖం ఎక్కడుందో క్షణంలో పట్టే ఉపాయం కనిపెట్టారు. ఫొటో తీసేటప్పుడు ముఖం చుట్టూ పడే చతురస్రానికి దారి వేసింది అదే. 2014లో ఫేస్‌బుక్ వాళ్ల డీప్‌ఫేస్, రెండు ఫొటోలు ఒకే మనిషివా కాదా చెప్పడంలో 97.35 శాతం సరిగా చెప్పి దాదాపు మనిషితో సమానమైంది. మరుసటి ఏడాది గూగుల్ పద్ధతి ఒక్కో ముఖాన్ని 128 అంకెల వరుసగా మార్చింది. ఇప్పుడు మన ఫోను చేసేదీ ఇట్లాంటి పనే. అది ఫొటోను ఫొటోతో పోల్చదు, అంకెల వరుసను దాచుకుంటుంది. ఎదురుగా కనబడిన ముఖం అంకెలకూ దాచుకున్న అంకెలకూ ఎంత దూరమో చూసి, ఆ దూరం గీసిన గీతకు లోపలుంటే తలుపు తీస్తుంది.

గీత ఎక్కడ గీయాలన్నదే చిక్కు. జల్లెడ లాంటి పని అది. కన్నులు పెద్దవైతే పిండితో పాటు తౌడూ దిగుతుంది, మరీ చిన్నవైతే పిండీ పైనే ఆగిపోతుంది. గీతను వదులు చేస్తే తమ్ముడి ముఖానికీ అన్న ఫోను తెరుచుకుంటుంది. బిగిస్తే రామగుండం బొగ్గు బాయి నుంచి షిఫ్టు దిగి, కళ్ల చుట్టూ మసి ఉన్న ముఖంతో ఫోను ఎత్తిన కార్మికుణ్ని సొంత ఫోనే గుర్తుపట్టదు. ఫోను రోజుకు నూరుసార్లు తెరవాల్సిన వస్తువు. నాలుగుసార్లు మొరాయిస్తే కొన్నవాడు విసుక్కుంటాడని తయారీదారుకు తెలుసు. అందుకే చవక ఫోన్లలో గీత వదులుగానే ఉంటుందని నా అనుమానం.

ఆండ్రాయిడ్‌లో భాగంగా ఈ విద్య మొదట వచ్చింది 2011 అక్టోబరులో, గెలాక్సీ నెక్సస్‌తో పాటు వచ్చిన ఆండ్రాయిడ్ 4.0లో. హాంకాంగ్‌లో విడుదల వేదిక మీద చూపించబోతే అది యజమానినే గుర్తుపట్టలేదు. బయటికొచ్చాక ఫొటో చూపించి జనం తెరిచేశారు. ఇది పిన్ కంటే బలహీనమని గూగుల్ కూడా దాచకుండా చెప్పింది. ఆ మరుసటి ఏడాది కనురెప్ప వేస్తేనే తెరుచుకునేలా మార్చారు. కళ్లు మూసినట్టు దిద్దిన ఇంకో ఫొటోతో దాన్నీ మోసం చేశారు. ఒకే ఒక్క మామూలు కెమెరాకు లోతు తెలియదు. దాన్నే నమ్ముకున్న ఆ పద్ధతికి మనిషీ ఫ్లెక్సీ ఒకటే.

లోతు చూసే కన్ను ఆటవస్తువులోంచి వచ్చింది. 2010లో మైక్రోసాఫ్ట్ అమ్మిన కినెక్ట్ అనే వీడియో ఆటల పరికరానికి ఈ విద్య ఇచ్చింది ఇజ్రాయెల్ కంపెనీ ప్రైమ్‌సెన్స్. 2013లో దాన్ని యాపిల్ కొన్నది. 2017 నవంబరులో ఐఫోన్ ఎక్స్ దుకాణాలకు వచ్చింది. అది ముఖం మీద 30 వేలకు పైగా పరారుణ చుక్కలు చల్లుతుంది, అవి మన కంటికి కనబడవు. పాత గూనపెంకుల ఇండ్లలో మధ్యాహ్నం కప్పు సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దిగడం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. చదునైన అలుకు నేల మీద చుక్క గుండ్రంగా ఉంటుంది. అదే చుక్క కాగు మీద పడితే సాగుతుంది, మంచం అంచు మీద పడితే విరిగి పక్కకు జరుగుతుంది. చుక్క ఎక్కడ పడాల్సింది ఎక్కడ పడిందో చూస్తే, దాని కింద ఏ ఆకారం ఉందో లెక్కగట్టొచ్చు. ఫోనూ అట్లాగే ముక్కు ఎత్తు, కంటి గుంట, చెంప వంపు కొలుస్తుంది. ఫ్లెక్సీ మీద పడితే చుక్కలన్నీ చదునుగానే ఉంటాయి, తలుపు తెరుచుకోదు. పరారుణం కాబట్టి చీకట్లోనూ పని చేస్తుంది. పైగా కళ్లు తెరిచి ఫోను వైపు చూస్తున్నారా లేదా అనీ గమనిస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషికి అనుకోకుండా తెరుచుకునే అవకాశం పది లక్షల్లో ఒకటని, కవలలు, పోలికలున్న తోబుట్టువులు, 13 ఏళ్ల లోపు పిల్లల విషయంలో మాత్రం ఆ లెక్క చెల్లదని యాపిలే చెప్పింది.

దీన్నీ వదల్లేదు. ఐఫోన్ ఎక్స్ వచ్చిన నెలలోనే వియత్నాం కంపెనీ బ్కావ్ 150 డాలర్ల ఖర్చుతో ముసుగు చేసి తెరిచామని చూపించింది. 2018 డిసెంబరులో ఫోర్బ్స్ విలేకరి ఒకరు తన తలకు నకలు అచ్చు తీయించి పరీక్షిస్తే నాలుగు ఆండ్రాయిడ్ ఫోన్లు తెరుచుకున్నాయి, ఐఫోన్ ఎక్స్ తెరుచుకోలేదు. ముసుగు చేయడానికి శ్రమ, తీరిక, పగ మూడూ కావాలి. మంథని సంతలో ఫోను కొట్టేసినవాడు అంత పని చేయడు. మనకు ఎక్కువ పట్టే లెక్క వేరే ఉంది. 2019 జనవరిలో నెదర్లాండ్స్ వినియోగదారుల సంఘం 110 ఫోన్లు పరీక్షిస్తే 42 ఫోన్లు వట్టి ఫొటోకే తెరుచుకున్నాయి.

ఫొటో ఎవరికైనా దొరుకుతుంది కదా అని మేనల్లుడు అడిగాడు. నేను వాడికి ధర్మారం సంగతి గుర్తుచేశాను. మా పెద్దపల్లి జిల్లాలోదే ఆ మండలం. 2018 జూన్‌లో అక్కడి సిమ్ కార్డుల వ్యాపారి ఒకరిని పోలీసులు పట్టుకున్నారు. భూముల రిజిస్ట్రేషన్ పత్రాలు అప్పట్లో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరికేవి. వాటి మీద అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ వేసిన వేలిముద్రలు, పక్కనే ఆధార్ నంబర్లు ఉండేవి. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే ఆ వేలిముద్రలకు అచ్చులు తీసి, యంత్రం మీద ఒత్తి, వేల సిమ్‌లు తెరిచారన్నది కేసు. ఆ ముద్రలు వేసిన రైతులకు తమ వేలు ఇంకోచోట పని చేస్తోందని తెలియనే తెలియదు. నంబరు దొంగిలిస్తే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం. ఆ తర్వాత ఆధార్ సంస్థ 2023లో, యంత్రం మీద పెట్టింది ప్రాణమున్న వేలా కాదా అని పసిగట్టే పద్ధతి తెచ్చింది.

వేలిముద్ర కనీసం పత్రం మీద ఉంది. ముఖం ఎక్కడ లేదు? వాట్సాప్ డీపీలో, పెండ్లి ఆల్బంలో, ఓటరు కార్డు జిరాక్సులో, చౌరస్తా ఫ్లెక్సీలో ఉంది. ముఖం ఎప్పుడూ రహస్యం కాదు, కాబట్టి దాన్ని పిన్ లాగా దాచుకోమని ఎవరికీ చెప్పలేం. రక్షణ అంతా చూసే కన్నులో ఉండాలి. ఎదురుగా ఉన్నది నెత్తురున్న మనిషా, కాగితమా అని తేల్చుకోలేని ఫోనుకు ముఖ గుర్తింపు ఉన్నా అది తాళం కాదు, గొళ్లెం. మా పాత ఇండ్ల దర్వాజాలకు రెండూ ఉండేవి. మేకలు లోపలికి రాకుండా గొళ్లెం, ఊరికి పోతే తాళం. ఏది ఎప్పుడు వేయాలో ఇంట్లో అందరికీ తెలుసు. ఫోను విషయంలో ఆ తేడా అమ్మేవాడు చెప్పడం లేదు, కొనేవాడికి తెలియడం లేదు. నా బాధంతా ఇదే.

నిద్రలో ఉన్న మనిషి సంగతీ ఉంది. 2019లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 4, లోతు చూడగలిగినా, కళ్లు మూసి ఉన్నా తెరుచుకునేది. 2020 ఏప్రిల్‌లో దాన్ని సరిచేశారు. కరోనా మాస్కుల కాలంలో ఇంకో రకం పరీక్ష వచ్చింది. ముక్కూ నోరూ కప్పితే గుర్తుపట్టే పద్ధతులు తడబడ్డాయి. 2022లో యాపిల్ కంటి చుట్టుపక్కల భాగంతోనే పని నడిపేలా మార్చింది. మన రంగు మనుషులకు సంబంధించిన సంగతి మరీ ముఖ్యం. 2019 డిసెంబరులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 189 గుర్తింపు పద్ధతులను పరీక్షించి, వాటిలో చాలావి ఆసియా, ఆఫ్రికా మూలాల ముఖాలను ఒకరిని చూసి ఇంకొకరనుకోవడం తెల్లవాళ్ల కంటే 10 నుంచి 100 రెట్లు ఎక్కువని తేల్చింది. అవి ఫోన్లలోని పద్ధతులే అని కాదు. కానీ ఎవరి ముఖాలు చూసి నేర్చుకున్నదో యంత్రం వాళ్లనే బాగా గుర్తుపడుతుందన్నది అన్నిటికీ వర్తిస్తుంది.

మంచి కన్నుకు ఇక ప్రత్యేక పరికరాలే కావాలని కూడా అనలేం. ఆండ్రాయిడ్ ఇప్పుడు ఈ పద్ధతులను మూడు తరగతులుగా చూస్తుంది. నకిలీలతో నూరుసార్లు ప్రయత్నిస్తే 7 సార్లకు మించి మోసపోనిది బలమైన తరగతి. 20 దాటితే అట్టడుగు తరగతి, వట్టి సౌకర్యం కోసం. 2023లో వచ్చిన పిక్సెల్ 8 పరారుణ చుక్కలేవీ లేకుండా ముందరి కెమెరా ఒక్కదానితోనే బలమైన తరగతి అందుకుంది. ఆ విద్య ఎప్పుడో మా మంథని బస్టాండు దగ్గరి దుకాణంలో పన్నెండు వేల ఫోనుకూ వస్తుందని ఆశ. 2025 అక్టోబరులో యూపీఐలో పిన్‌కు బదులు ముఖం, వేలిముద్రలతో డబ్బు పంపే వీలు వచ్చింది కాబట్టి, అది త్వరగా రావాలి కూడా.

ఆ సాయంత్రం అల్లుణ్ని తన బ్యాంకు యాప్ తెరవమన్నాను. వేలిముద్ర అడిగింది, లేదంటే పిన్ అడిగింది. ముఖం మాట ఎత్తనే లేదు. "మొఖం ఎందుకు అడుగుతలేదు మామా?" అన్నాడు. వాడి ఫోనులోని ముఖ గుర్తింపు డబ్బు దగ్గరికి రావడానికి చాలదని ఆ యాప్‌కు తెలుసు. పాత ఫొటోలూ, చుట్టాలతో మాటలూ, ఓటీపీలు వచ్చే మెసేజీలూ మాత్రం ఆ గొళ్లెం వెనకే ఉన్నాయి.

సెట్టింగుల్లోకి పోయి ముఖం తీసేద్దామన్నాడు. ఆ పేజీలో అడుగున బూడిదరంగు చిన్న అక్షరాల్లో రెండు వరుసలున్నాయి. మీ పోలికలున్న మనిషి గానీ వస్తువు గానీ ఈ ఫోనును తెరవగలదని, పిన్ అంత భద్రం కాదని వాటి భావం. ఇంగ్లిషులో ఉన్నాయి. వాడు వాటిని కూడబలుక్కుని రెండుసార్లు చదివాడు. ఫోను కొన్న రోజు దుకాణంలో పనిచేసే పిల్లగాడే అన్నిటికీ 'ఓకే' నొక్కి ఇచ్చాడట. తర్వాత ఆరంకెల పిన్ పెట్టుకుంటూ, నేను చూడకుండా ఫోనును రొమ్ముకు దగ్గరగా పట్టుకుని పక్కకు తిరిగాడు.