ఆరుంబావు సెంట్ల సేద్యము

ఇంగ్లండులో కాపురమున్న మన పిల్లలు ఇంటికి ఫోను చేసినపుడు, "మాకు అలాట్‌మెంటు వచ్చినది" అని సంబరముగా చెప్పుట కలదు. ఇచ్చట వినువారికి అది ఇంటిస్థలమో, ప్రభుత్వపు క్వార్టరో అని తోచవచ్చును. అది రెండును కాదు. కూరగాయలు పండించుకొనుటకై ఏటికింతయని అద్దె చెల్లించి పుచ్చుకొను మడి. దానిని మొదట చేపట్టినవారు దేనివలన చిక్కులలో పడుదురో, వానినుండి ఎట్లు బయటపడవచ్చునో వివరింపదలచినాము.

ఆ దేశమున ఈ మడులను నేటికిని 'రాడ్' అను పాతకొలతతో లెక్కింతురు. పూర్తి మడి 10 చదరపు రాడ్లు. అనగా ఎకరములో పదునారవ వంతు. మన లెక్కలో 6¼ సెంట్లు, సుమారు 300 గజములు. 1908 నాటి చట్టము ప్రకారము ఆరుగురు ఓటర్లు కలిసి వ్రాసి కోరినచో, స్థానికసంస్థ ఆ కోరికను పరిశీలించి తీరవలెను. ఈ పనికై కొన్న నేలను మంత్రి అనుమతిలేక అమ్మరాదని 1925 నాటి చట్టము కట్టడి చేసినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున "విజయమునకై త్రవ్వుడు" అను పిలుపునందుకొని ప్రజలు ఉద్యానవనములను సైతము కూరమడులుగా మార్చిరి. నేడు పలు పట్టణములలో ఒక మడికై సంవత్సరముల తరబడి వేచియుండవలెను.

అంతకాలము వేచి పొందిన మడిని మొదటి ఏడాదిలోనే విడుచువారు కలరు. ఇందుకు సోమరితనముకన్న తొందరపాటే తరచు కారణము. ముందున్నవారు పాడుపెట్టిన మడి సాధారణముగా నడుమెత్తు కలుపుతో చేతికి వచ్చును. క్రొత్తవారు ఉత్సాహముతో మడినంతటిని వసంతమున ఒక్కసారిగా త్రవ్వుదురు. బోడినేలపై ఎండ తగులగనే కలుపువిత్తులు మొలకెత్తును. జూను నాటికి మడి మరల అడవియగును. సాగు చేయనివారికి స్థానికసంస్థనుండి హెచ్చరిక వచ్చును. ఆపై మడి చేజారును.

కొందరు నేలను గుల్లచేయు యంత్రమును అద్దెకు తెత్తురు. అచ్చటి కౌచ్ గడ్డి మన గరిక వంటిది. తెల్లని కాండము నేలలోపల ప్రాకును. యంత్రము దానిని వంద ముక్కలు చేసినచో, ముక్కముక్కయు ఒక మొక్కయగును. బైండ్‌వీడ్ అను తీగయు ఇట్టిదే. గరికపడిన చేనును దున్నిన మన రైతునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

కావున మొదటి ఏట మడిలో నాలుగవవంతు మాత్రమే సాగుచేయుట మేలు. తక్కినదానిలో కలుపును కోసి, వెలుతురు చొరని మందపు నల్లగుడ్డనో అట్టలనో పరచి, గాలికి ఎగురకుండ బరువుంచవలెను. వెలుతురులేక కలుపు క్రమముగా క్షీణించును. మొండివేళ్లకు ఒక ఏడాదికి పైగా పట్టవచ్చును. పాత తివాచీలను మాత్రము పరువరాదు. వాని కృత్రిమపు నూలు మట్టిలో కలియునని పలు సంస్థలు వానిని నిషేధించినవి.

ఎన్నుకొన్న నాలుగవవంతును ముల్లుపారతో త్రవ్వి, వేళ్లను చేతితో ఏరివేయవలెను. మార్చి చివరనుండి అచ్చట బంగాళాదుంప నాటవచ్చును. మొక్క లేచినకొలది మొదట మన్ను ఎగద్రోయవలెను గనుక కలుపునకు తెరపి దొరకదు; ఆకులు కమ్మినపిమ్మట నేలకు నీడ పట్టును. బ్రాడ్ బీన్సు, ఉల్లి, ముల్లంగి తొలి ఏటికి తగిన పంటలు. కూర్జెట్ పాదులు రెండున్న ఇంటికి చాలును. ఆరు నాటినవారు కాయలను ఇరుగుపొరుగులకు పంచలేక అలసిపోవుదురు.

ఇక మనవారికి గోంగూరపై మనసు పోవుట సహజము. దక్షిణ ఇంగ్లండులో సైతము మే నెల నడుమవరకు రాత్రులందు మంచు గడ్డకట్టు భయము కలదు. గోంగూర, బెండ, వంగ ఆ చలికి తాళవు. గాజుపందిరి కలవారే వానిని నమ్ముకొనవలెను. కొత్తిమీర, మెంతికూర మాత్రము ఆరుబయట చక్కగా వచ్చును.

నాటుటకుముందు ప్రక్క మడివారిని పలుకరించుట మరువరాదు. మంచు ఎప్పటివరకు పడునో, నీరు ఏ మూల నిలుచునో పుస్తకముకన్న వారికే బాగుగ తెలియును. మిగిలిన నారునుకూడ వారు సంతోషముతో ఇత్తురు.

మొదటి ఏట నాలుగు బుట్టల దుంపలు మాత్రమే వచ్చినవని చిన్నబుచ్చుకొననక్కరలేదు. రెండవ వసంతమున గుడ్డ తొలగించి మరియొక నాలుగవవంతును త్రవ్వుకొనవచ్చును. కావున ఫోనులో మన పిల్లలు "మడి అంతయు ఒక్కవారములో త్రవ్వివేసితిమి" అని చెప్పినచో, మెచ్చుకొనుటకుముందు గరికమాట ఒకసారి జ్ఞాపకము చేయుడు.