భూతద్దమూ వెనిగరూ: కాల్పోస్కోప్ చరిత్ర

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి గుర్తించే రోజుల్లో, అది పుండుగానో గడ్డగానో ముదిరేదాకా బయటపడేది కాదు. తొలిదశలో అది చిన్న కణితిగానైనా కనిపించి తీరాలని నమ్మిన జర్మన్ స్త్రీవ్యాధి నిపుణుడు హాన్స్ హిన్‌సెల్‌మన్, లైట్జ్ సంస్థవారి జంటకళ్ళ భూతద్దాన్ని స్టాండుకు బిగించి, దీపం జోడించి, 1925లో కాల్పోస్కోప్‌ను రూపొందించాడు. వెతికిన కణితి కనిపించలేదు గాని, అంతవరకు ఎవరూ పట్టించుకోని తెల్లని మచ్చలు, వింత రక్తనాళాల అల్లికలు బయటపడ్డాయి.

నిజానికి ఈ పరికరానికి పదును పెట్టినవి రసాయనాలే. 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని, అంటే పలుచని వెనిగర్ వంటి ద్రావణాన్ని అద్ది ఒక నిమిషం ఆగితే, కేంద్రకాలు పెద్దవై కిక్కిరిసిన కణాల్లో ప్రొటీన్లు తాత్కాలికంగా గడ్డకట్టి ఆ చోటు తెల్లబడుతుంది. వియన్నా వైద్యుడు వాల్టర్ షిల్లర్ ప్రవేశపెట్టిన అయోడిన్ పరీక్షలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిండిన ఆరోగ్యకర కణాలు ముదురు గోధుమరంగుకు మారగా, అది లేని కణాలు పసుపుగానే మిగులుతాయి.

ఈ చరిత్రలో దాచరాని మచ్చ ఒకటుంది. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ఖైదీ స్త్రీలపై ఈ పరికరంతో ప్రయోగాలు జరిపి, సేకరించిన కణజాలాన్ని హిన్‌సెల్‌మన్ పనిచేస్తున్న హాంబర్గ్‌కు పంపారు. హిన్‌సెల్‌మన్ స్వయంగా బలవంతపు సంతాన నిరోధక శస్త్రచికిత్సల నేరంపై యుద్ధానంతరం జైలుశిక్ష పొందాడు.

రాలిన కణాలను గాజుపలకపై పరీక్షించే పాప్ స్మియర్ 1940లలో అమెరికాలో నిలదొక్కుకోవడంతో, ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో కాల్పోస్కోప్ చాలాకాలం వెనకబడి, తరువాత స్మియర్‌లో తేడా కనిపించినవారికి రెండో మెట్టు పరీక్షగా స్థిరపడింది. భూతద్దం లేకుండా కేవలం వెనిగర్‌తో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేసిన పరీక్షల వల్ల ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 2013లో వెల్లడించింది.

అయితే కనిపించిన ప్రతి ఎరుపూ, ప్రతి తెలుపూ రోగం కాదు. ముఖద్వారం వెలుపలి భాగాన్ని పలు పొరల లేత గులాబి కణాలు, లోపలి నాళాన్ని ఒకే వరుస కణాలు కప్పి ఉంటాయి. ఆ పలుచని వరుస గుండా రక్తనాళాలు కనిపించడం వల్ల అది ఎర్రగా తోస్తుంది. యౌవనంలో, గర్భిణిగా ఉన్నప్పుడు ఈ లోపలి కణాలు బయటికి పరుచుకోవడం సహజమే అయినా, దాన్నే "గర్భసంచికి పుండు పడింది" అని చెప్పి భయపెట్టడం పరిపాటి. గర్భసంచి తొలగింపులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దేశ సగటును బాగా మించాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తేల్చిన నేపథ్యంలో ఈ పొరపాటును చిన్నదిగా కొట్టిపారేయలేము.

కాల్పోస్కోప్ పరీక్ష రిపోర్టులో "ఎసిటోవైట్" అంటే ఆమ్లం తగిలి తెల్లబడిన చోటు. "మొజాయిక్" అంటే గచ్చు పలకల అతుకుల్లా కనిపించే సన్నని రక్తనాళాల అల్లిక. రెండూ అనుమానాలే. "సి.ఐ.ఎన్." అనే, క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులోనూ మొదటి శ్రేణి చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. తీర్పు చెప్పేది చిన్న ముక్క తీసి చూసే బయాప్సీయే గనుక, ముఖద్వారంలో పుండు ఉందంటూ గర్భసంచి తీయించుకోమని సలహా ఇస్తే, ముందుగా ఆ ఫలితాన్ని అడిగి తెలుసుకోవాలి.