జలుబు చేసిందా? బావిలో మునక వద్దు!

ఇబ్రహీంపట్నం: "ఏందిరా, సర్దికే భయపడ్తున్నవా? దుంకు!"

వేసవి సెలవుల్లో మన పల్లెల్లో ఏ వ్యవసాయ బావి గట్టున నిలబడినా ఈ మాట వినపడుతుంది. ముక్కు చీదుకుంటూ ఓ పక్కన కూర్చున్న కుర్రవాడు నలుగురూ నవ్వేసరికి ఉక్రోషం పట్టలేక చొక్కా విప్పి దూకేస్తాడు. పైకి వచ్చాక చెవి పట్టుకుని మూలుగుతాడు. "నీళ్లు పోయినయ్‌లే, తల వంచి ఎగురు, అవే కారిపోతయ్" అని పక్కవాళ్లు సలహా చెబుతారు. సాయంత్రానికి ఇంట్లో వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు చెవిలో పడతాయి.

నిజానికి ఆ నొప్పి నీళ్లు పోవడం వల్ల వచ్చింది కాదు. చెవిలోకి గాలి వెళ్లవలసిన దారి మూసుకుపోవడం వల్ల వచ్చింది. ఈ చిన్న సంగతి తెలియక ఎందరో చెవిపోటు తెచ్చుకుంటున్నారు. ఒక్కోసారి చెవుడు కూడా రావచ్చు. బావి మధ్యలో తల తిరిగితే ప్రాణానికే ముప్పు.

మునిగేవారు ఎందరో

ఇబ్రహీంపట్నం అనగానే గుర్తుకొచ్చేది పెద్ద చెరువు. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరు మీదుగానే ఈ ఊరు వెలసిందని చెబుతారు. వానలు బాగా పడిన ఏడు చెరువుతో పాటు చుట్టుపక్కల బావులు, గుంటలు, పాత క్వారీ గోతులు కూడా నిండుతాయి. రైతుకు అది పండుగే. అయితే నీటిలోకి దిగేవారి సంఖ్య కూడా అప్పుడే పెరుగుతుంది.

మునిగేది ఈత నేర్చే పిల్లలు మాత్రమే కాదు. మోటారు ఫుట్‌వాల్వుకు చెత్త పట్టిందని రైతు మునుగుతాడు. వల మొద్దుకు తగులుకుందని చేపలు పట్టే అన్న మునుగుతాడు. బిందె జారిపోయిందని ఒకరు, చేతి ఉంగరం పడిపోయిందని మరొకరు మునుగుతారు. ఎవరైనా నీటిలో పడితే పోలీసులు గజ ఈతగాళ్లను పిలిపిస్తారు. వీరందరికీ ఎప్పుడో ఒకప్పుడు జలుబు చేయక తప్పదు. ఆ రోజున దిగాలా, ఆగాలా అన్నదే ప్రశ్న.

చెవి లోపల చిన్న గది

మన చెవి రంధ్రం చివర పలుచటి పొర ఉంటుంది. దాన్నే కర్ణభేరి అంటారు. దాని వెనుక శనగగింజ పట్టేంత చిన్న గది, అందులో గాలి ఉంటాయి. ఆ గదికి ఒక సన్నటి గొట్టం ఉంది. అది ముక్కు వెనుక, గొంతు పైభాగంలో తెరుచుకుంటుంది. దీన్ని వర్ణించినవాడు ఇటలీ వైద్యుడు యూస్టాకీ. మన ఇబ్రహీం కుతుబ్‌షా కాలపువాడే. అందుకే డాక్టర్లు నేటికీ దాన్ని యూస్టేకియన్ గొట్టం అంటారు.

మామూలుగా ఈ గొట్టం మూసుకుని ఉంటుంది. గుటక వేసినా, ఆవలించినా ఒక్క క్షణం తెరుచుకుంటుంది. బయటి గాలికీ లోపలి గాలికీ ఒత్తిడి సమానమవుతుంది. చెవిలో 'టప్' మని వినిపించేది అదే.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు దిగుతున్నప్పుడు చెవులు దిబ్బళ్లు వేయడం యాత్రకు వెళ్లిన ప్రతివారికీ అనుభవమే. కొండ దిగుతున్నకొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది. గుటక వేయగానే చెవి తెరుచుకుంటుంది. అదే జలుబుతో వెళ్లినవారికి కొండ దిగి గంట గడిచినా చెవి తెరుచుకోదు. జలుబు చేస్తే ముక్కు లోపలి పొరలు వాచి ఆ గొట్టం మూతిని మూసేస్తాయి. లోపల చీమిడి కూడా చేరుతుంది. ఇక గుటకలు వేసినా ప్రయోజనం ఉండదు.

పది అడుగులే చాలు

కొండ దిగడం వేరు, నీటిలో దిగడం వేరు. గాలి కంటే నీరు ఎన్నో వందల రెట్లు బరువు. నేల మీద మన ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో గాలి ఒత్తిడి ఉంటుంది. నీటిలో 10 మీటర్లు, అంటే 33 అడుగులు దిగితే దానికి మరో కిలో తోడవుతుంది. ఒత్తిడి రెట్టింపు అయితే గాలి సగానికి కుంచించుకుపోతుంది. ఈ సూత్రాన్ని 1662లో బాయిల్ అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. మన పిల్లలు హైస్కూలులో చదువుకునేదే.

పది అడుగుల లోతుకు వెళ్లేసరికి చెవిగదిలోని గాలి సుమారు ముప్పావు వంతుకు తగ్గాలి. గొట్టం తెరుచుకుంటే కొత్త గాలి వచ్చి ఆ లోటును పూడుస్తుంది. తెరుచుకోకపోతే కర్ణభేరి లోపలికి గుంజుకుపోతుంది. నాలుగైదు అడుగుల వద్దే నొప్పి మొదలు కావచ్చు. ఇంకా దిగితే లోపలి పొరలు వాచి నెత్తురు చిమ్ముతాయి. చివరకు కర్ణభేరి చిరిగిపోతుంది. ఇందుకు సముద్రమంత లోతు అక్కరలేదు. రెండు నిలువుల బావి చాలు.

బావి గట్టు మీది నుంచి దూకేవారికి మరో చిక్కు ఉంది. దూకిన వేగానికి రెండు మూడు సెకన్లలో పదడుగులు దిగిపోతారు. చెవి సర్దుకునే వ్యవధే ఉండదు. జలుబు లేనివాడి చెవే ఒక్కోసారి తట్టుకోలేదు. జలుబు ఉన్నవాడి సంగతి చెప్పనక్కరలేదు.

కర్ణభేరి చిరిగితే చల్లని నీరు ఒక్కసారిగా లోపలి గదిలోకి చొరబడుతుంది. చెవి లోపలి భాగమే మన ఒంటికి తూకం చెప్పేది. దానికి చలి తగలగానే తల గిర్రున తిరుగుతుంది. మునిగినవాడికి పైకేదో, కిందికేదో తెలియదు. వాంతి వచ్చినట్లు ఉంటుంది. మసక నీటిలో, నాచు పట్టిన బావిలో ఈ స్థితి వస్తే ఎంత గొప్ప ఈతగాడైనా ఏం చేయగలడు?

నుదుటి ఎముకలో, బుగ్గల వెనుక కూడా గాలి గదులు ఉన్నాయి. జలుబుకు వాటి దారులు మూసుకుపోతే మునిగినప్పుడు కనుబొమ్మల మధ్య సూదులు గుచ్చినట్లు నొప్పి వస్తుంది. పైకి వచ్చాక ముక్కులో నెత్తురు కనిపించేది ఇందువల్లనే.

సముద్రంలోనూ అదే సూత్రం

ఇప్పుడు మన ప్రాంతపు యువకులు సెలవులకు విశాఖపట్నం, గోవా, అండమాన్ వెళ్లి స్కూబా డైవింగ్ చేసి వస్తున్నారు. వీపున గాలి సిలిండరు, నోట గొట్టం పెట్టుకుని సముద్రంలోకి దిగడమే స్కూబా. ఫ్రాన్సుకు చెందిన కూస్తో, గాన్యాన్ 1943లో రూపొందించిన పరికరంతో ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. విశాఖలో రుషికొండ తీరాన శిక్షణ ఇస్తున్నారు.

తెలుగు తీరానికి డైవర్లు కొత్త కాదు. 1971 డిసెంబర్‌లో విశాఖ సమీపంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పుడు అడుగుకు దిగి చూసి వచ్చింది మన నౌకాదళ డైవర్లే. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగిన విషయం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అక్టోబర్ 22న దాన్ని వెలికితీయడంలోనూ డైవర్ల శ్రమ ఉంది.

ఇటువంటి ఆరితేరినవారు కూడా జలుబు ఉన్న రోజున దిగరాదన్నది డైవింగ్ పాఠాల్లో ఒక నియమం. స్కూబాకు వెళ్లినవారి చేత ముందుగా ఒక ఫారం నింపిస్తారు. జలుబు, ముక్కు దిబ్బడ, చెవి జబ్బు ఉన్నాయా అని అందులో అడుగుతారు. డబ్బు కట్టేశాం, ఇంత దూరం వచ్చాం, రేపు తిరుగు రైలు ఉంది అని చాలామంది 'లేదు' అని రాసేస్తారు. చెవి మాత్రం ఫారం చూడదు.

స్కూబాలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. బావిలో మునిగేవాడు ఒడ్డున పీల్చిన గాలితోనే దిగి, దానితోనే పైకి వస్తాడు. స్కూబాలో దిగినవాడు అడుగున కూడా ఒత్తిడి గాలి పీలుస్తాడు. పైకి వస్తుంటే ఆ గాలి ఉబ్బుతుంది. అందుకే ఊపిరి బిగబట్టరాదు, వదులుతూ రావాలి. దగ్గు, కఫం ఉన్నవారికి కఫం గడ్డ అడ్డుపడి ఊపిరితిత్తిలో ఒక మూల గాలి చిక్కుకుపోతే అది ఉబ్బి ఊపిరితిత్తికే గాయం చేయగలదు. జలుబు ముక్కు దాటి రొమ్ముకు దిగితే స్కూబా మాటే తలపెట్టరాదు.

మాత్ర వేసుకుని దిగితే?

"ముక్కులో చుక్కలు వేసుకుంటే దారి తెరుచుకుంటుంది కదా?" అని అడిగేవారున్నారు. తెరుచుకుంటుంది, నిజమే. కాని కొద్ది గంటలే. నీటి అడుగున ఉండగా మందు పని అయిపోతే వాపు మళ్లీ వస్తుంది. అప్పుడు లోపల చేరిన ఒత్తిడి గాలికి బయటకు దారి ఉండదు. పైకి వస్తున్నకొద్దీ చెవి లోపలి నుంచి పగిలేలా నొప్పి పెడుతుంది. దిగేటప్పుడు నొప్పి వస్తే వెనక్కి రావచ్చు. పైకి వచ్చేటప్పుడు నొప్పి వస్తే ఎక్కడికి పోతారు? సిలిండరులోని గాలి కొద్దిసేపే.

జలుబు మాత్రలు కొన్ని మగత తెస్తాయి. మగతతో నీటిలో దిగడం తాగి దిగడం లాంటిదే.

ఒడ్డునే పరీక్ష

దిగకముందు ఎవరికి వారే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది. నోరు మూసి, ముక్కు రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా గాలిని ముక్కులోకి నెట్టాలి. లేదా ముక్కు మూసి గుటక వేయాలి. రెండు చెవులూ సులువుగా 'టప్' మనాలి. ఒక్క చెవి తెరుచుకోకపోయినా ఆ రోజు మునక మానుకోవాలి. బలవంతంగా ఊదరాదు. గట్టిగా ఊదితే చెవి లోపలి సున్నితమైన పొరలు చిరిగి శాశ్వతంగా చెవుడు రావచ్చు.

ఈ పరీక్ష నెగ్గినా జలుబు పూర్తిగా ఉన్నప్పుడు ఆగడమే మేలు. ఒడ్డున తెరుచుకున్న గొట్టం అడుగున తెరుచుకుంటుందన్న హామీ లేదు. సాధారణ జలుబు వారం పది రోజుల్లో తగ్గుతుంది. మందులేవీ లేకుండా ముక్కు ఆడుతూ, చెవులు సులువుగా తెరుచుకున్నాక మరో రెండు రోజులు చూసి దిగితే భయం లేదు.

జలుబు లేనివారు కూడా చెవి కాస్త నొప్పి పెట్టగానే ఆగి పైకి రావాలి. నొప్పిని ఓర్చుకోవడం మగతనం కాదు.

మునగకుండానే పని

పని ఆగదు కదా అని రైతు అడగవచ్చు. బిందె పడితే పాతాళగరిగె ఉండనే ఉంది. మన తాతలు బావి బావికీ మునిగి బిందెలు తీయలేదు. ఇరుగుపొరుగున పాతాళగరిగె అడిగి తెచ్చుకునేవారు. ఫుట్‌వాల్వుకు చెత్త పడితే మోటారు కరెంటు పూర్తిగా తీసేసి, తాడు కట్టి నలుగురూ కలిసి పైపునే పైకి లాగవచ్చు. లేదా జలుబు లేనివాడిని పిలవవచ్చు. ఒక్క రోజు తడి ఆలస్యమైతే మడి ఎండిపోదు.

ఎవరైనా నీటిలో కొట్టుకుంటుంటే మాత్రం ఆలోచనకు వ్యవధి ఉండదు. అప్పుడు కూడా ముందుగా చేయవలసింది తాడు, వెదురు గడ, లారీ ట్యూబు, అవేవీ లేకపోతే చీర విసరడం. తల పైన ఉంచి ఈదడానికి జలుబు అడ్డు కాదు. మునగడానికే అడ్డు. ప్రాణం పోయాక దేహం వెతికే పని అయితే తొందరపడి జలుబు మనిషిని దింపరాదు. ఒక ఇంట్లో దుఃఖం రెండిళ్లకు పాకరాదు.

జరగరానిది జరిగితే

మునిగి వచ్చాక చెవిలో పోటు, నెత్తురు, గాలి ఈలలా పోవడం, వినికిడి తగ్గడం కనిపిస్తే చెవిలో నూనె గాని, ఆకు పసరు గాని పోయరాదు. పుల్లలు పెట్టరాదు. చెవి తడవకుండా చూసుకుని డాక్టరుకు చూపించాలి. కర్ణభేరికి పడిన చిన్న చిల్లులు చాలావరకు కొద్ది వారాల్లో వాటంతట అవే పూడుకుంటాయి. అంతవరకు ఈత మానాలి. ఉన్నట్టుండి చెవి వినిపించకపోయినా, తల తిరుగుడు తగ్గకపోయినా ఆ రోజే వెళ్లాలి. హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీద బస్సెక్కితే దూరమేమీ కాదు.

గట్టు మీద కూర్చున్న పెద్దలకు ఒక మనవి. జలుబు చేసిన పిల్లవాడు "ఇయ్యాల నేను దిగ" అంటే నవ్వకండి. "మంచిగ చెప్పినవ్ బిడ్డా, బట్టలు చూస్తూ కూసో" అనండి. బావి ఎక్కడికీ పోదు. వచ్చే వారం కూడా అందులో నీళ్లుంటాయి. చెవి మాత్రం పోతే తిరిగి రాదు.