ఎదురులేని పందెము

కార్ల పందెపు వీడియో గేమును గూర్చి యొక గృహిణి వ్రాయబూనుట మీకు వింతగా తోచవచ్చును. వంటయింటికిని, తెరపై పరుగెత్తు ఆ బండ్లకును ఏమి సంబంధమని నేనును మొన్నటి వేసవి వరకు తలచుచుంటిని. కాని మా చిన్నవాడు తన డబ్బులతో కొనుక్కొనిన యొక గేము మా యింట నొక ప్రశ్నను పుట్టించినది. ఆ ప్రశ్న బిడ్డలుగల ప్రతి తల్లికిని ఎప్పుడో యొకప్పుడు ఎదురు కాక తప్పదు. అందుచేతనే దీనిని మీ ముందుంచుచున్నాను.

వానికి పదియేండ్లు. సంక్రాంతికిని, పుట్టినదినమునకును పెద్దలిచ్చిన సొమ్ము నొక డబ్బీలో దాచి, వేసవి సెలవులు రాగానే మా తమ్ముని సహాయమున నొక కార్ల పందెపు గేమును కొనెను. దాని పేరు చెప్పను. అట్టివి పెక్కు గలవు. మొదటి దినమున భోజనమునకు పిలిచినను లేవలేదు. రెండవనాడు ప్రతి పందెమునందును తానే మొదటివాడనని వీధిబాలురతో చెప్పుకొనెను. నాలుగవనాటికి కంప్యూటరు మూసివేసి గోడవైపు తిరిగి కూర్చుండెను.

"ఏమిరా, ఆడుకోవా?" అంటిని.

"అన్నిట్లోనూ నేనే గెలుస్తున్నానమ్మా. బాగాలేదు" అనెను.

ఓడిపోయి యేడ్చు బిడ్డలను పెక్కుమందిని చూచితిని. గెలిచి దిగులుపడు బిడ్డను చూచుట నాకదియే మొదలు.

సాయంకాలము మా తమ్ముడు వచ్చినప్పుడు సంగతి చెప్పితిని. అతడు కంప్యూటరు పనిలో నున్నవాడు. అతడు చెప్పిన దేమనగా: ఇట్టి యాటలలో ఎదుటి కార్లను కంప్యూటరే నడుపును. ఆడువాడు వెనుకబడినచో ఆ కార్లు తమంతట తామే నెమ్మదించును. అతడు మిక్కిలి ముందునకు పోయినచో అవి వేగము హెచ్చించుకొని దాపునకు వచ్చును. కార్లన్నిటిని ఒక్క రబ్బరుతో కట్టినట్లుండుటచే ఈ పద్ధతికి ఆ పనివారు రబ్బరు బ్యాండు పేరే పెట్టినారు. మితముగా వాడినచో ఇది పందెమును రక్తికట్టించును. మితి మీరినచో, ఎట్లు నడిపినను గెలుపు తప్పని యాటగా మారును.

పిల్లవాడంతయు వినెను. "అయితే అవి నా కోసం ఆగుతున్నాయా, మామయ్యా?" అని మాత్రమడిగి యూరకుండెను. వాని ముఖము చిన్నబోయినది.

మేనల్లుని నవ్వించుటకై మా తమ్ముడు "ఇదేం చూశావురా! అసలు కదలని బండితో పందెం చూపిస్తాను రా" అని, ప్రపంచమున కెల్ల అధమమైన పందెపు గేములలో నొకటిగా పేరుమోసినదానిని, ఇతరులాడి చిత్రించి యుంచిన దృశ్యములలో మాకు చూపెను. దాని పేరు 'బిగ్ రిగ్స్: ఓవర్ ది రోడ్ రేసింగ్'. ఇందలివి కార్లు కావు, పెద్ద పెద్ద లారీలు. 2003వ సంవత్సరము నవంబరు మాసమున అమెరికాలో విడుదలయ్యెను. నిర్మించినది కాలిఫోర్నియాలోని స్టెల్లార్ స్టోన్ అను సంస్థ. తయారుచేయు పనిని ఆ సంస్థ ఉక్రెయిన్ దేశమునందలి పనివారికి అప్పగించినది.

ఆ గేము పెట్టెపై వ్రాసినది చదివినచో ఎవరికైనను కొనవలెననిపించును. చట్టవిరుద్ధమైన సరకును లారీలో వేసికొని, పోలీసుల కంటబడక, గమ్యము చేర్చవలెనట! లోపల చూడగా పోలీసులు లేరు. తప్పించుకొనుటకు తరుమువారే లేరు. ఉన్నదెల్ల ఒక బాట, మన లారీ, ఎదుటి లారీ. పందెము మొదలైనదని గంట కొట్టినను ఆ యెదుటి లారీ బయలుదేరిన చోటనే నిలిచియుండును. మన లారీ పోవును, తిరిగి వచ్చును, గమ్యము చేరును. అది మాత్రము అంగుళమైనను కదలదు. తరువాత ఈ లోపమును సవరించితిమని యొక దిద్దుబాటు విడుదల చేసినారు. అప్పుడా లారీ కదలినది గాని, గమ్యపు గీతకు కొంచెము ముందుగా ఆగిపోవుచుండెను!

మిగిలిన విడ్డూరములను వినుడు. లారీ ఇండ్లకు తగిలినను తగిలినట్లుండదు. గోడలోనుండి పొగవలె దూరిపోవును. నిట్టనిలువుగా నున్న కొండను చదునైన బాటవలె ఎక్కును. బాట విడిచి పోయి పోయి, నేలయు నింగియు లేని బూడిదవన్నె శూన్యములోనికి ప్రవేశించును. ముందునకు పోవునప్పుడు వేగమునకు హద్దు గలదు గాని వెనుకకు నడిపినచో హద్దులేదు. అంకె పెరుగుచునే యుండును. మీటపై వ్రేలు తీసిన మరుక్షణమున లారీ నాటిన స్తంభమువలె నిలిచిపోవును.

ఇది చూచుచుండగా నాకు భారతమునందలి నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చెను. బాహుకుడు రథము తోలుచుండగా ఋతుపర్ణుని యుత్తరీయము జారిపడును. ఆపుమని రాజు చెప్పునప్పటికే అది యోజనదూరము వెనుకబడినది. ఆ యొక్క యుత్తరీయముచే రథవేగము మనకు గుండెలదరునట్లు తెలియును. ఈ లారీకి ఎంత పెద్ద యంకె వేసినను వేగము తెలియలేదు. దానిని నిలుపునది గాని, దానివలన చెదరునది గాని ఏదియు లేకపోవుటయే అందులకు కారణము.

తుదకు తెరపై మూడు పిడులుగల బహుమానపు గిన్నెయొకటి కానవచ్చి, దానితో 'యూ ఆర్ విన్నర్' అను మాటలు వెలువడును. నీవే విజేతవని తాత్పర్యము. అందు ఇంగ్లీషువారు తప్పక వాడు 'ఏ' అను నుపపదము లేదు. మా వారు బడిలో ఇంగ్లీషు బోధింతురు గనుక, "ఇది మా తరగతిలో వ్రాసినచో ఎఱ్ఱసిరా తప్పదు" అని నవ్విరి. అమెరికాలోని గేమ్‌స్పాట్ అను విమర్శనస్థానము 2004వ సంవత్సరమున దీనికి 10కి 1 మార్కు ఇచ్చినది. అంతకంటె తక్కువ ఇచ్చు పద్ధతి అచట లేదు. పలువురి విమర్శలను కూర్చి సగటు కట్టు మెటాక్రిటిక్ నందు దీనికి దక్కినవి 100కు 8.

మేమందరమును నవ్వితిమి. మా చిన్నవాడు మొదట అందరికంటె ఎక్కువ నవ్వెను. పిదప నవ్వు మాని నావైపు చూచి ఇట్లడిగెను: "అమ్మా, వామనగుంటలు ఆడేటప్పుడు నువ్వు కూడా నా కోసం ఆగుతావా?"

నేను మాటాడలేకపోతిని. వాడు ఓర్వలేనివాడు, ఓడిన దినమున అన్నము తినడు. అందుచేత రెండేండ్లుగా చింతపిక్కలను కావలెననియే తప్పు గుంటలో విడుచుచుంటిని. అది ప్రేమ యనుకొంటిని. నిజము చెప్పవలెనన్న, వాని యేడుపు మాన్పు శ్రమ నాకు తప్పుననియు లోలోపల నుండెను. ఆ నిలిచిపోయిన లారీని నేనే యని ఆ రాత్రి తెలిసికొంటిని.

విరాటపర్వమున ఉత్తరగోగ్రహణము ముగిసిన పిమ్మట విరాటుడు కుమారుడు గెలిచెనని పొంగిపోవును. అంతఃపురమున ప్రగల్భములు పలికినవాడును, కౌరవసేనను చూచి రథము దిగి పరుగెత్తినవాడును ఆ యుత్తరుడే. అట్టివాడు తండ్రి సభలో పొగడుచుండగా, గెలిచినవాడను నేను కాను, ఒక దేవకుమారుడు గెలిచినాడని చెప్పును. నాకు అతనిపై గౌరవము కలుగునది అక్కడనే. తనది కాని గెలుపును వలదనుట పసివానికిని సహజమే యని మా బిడ్డ నాకు చూపినాడు. మనమే పదే పదే ఇచ్చి, పుచ్చుకొనుట నేర్పుచున్నాము.

వీడియో గేములన్నియు ఇట్టివని నా యభిప్రాయము కాదు. 1982వ సంవత్సరమున జపానులో నామ్కో సంస్థవారు చేసిన 'పోల్ పొజిషన్' అను కార్ల గేమునందు, ముందుగా ఒక చుట్టును నియమించిన కాలములో ముగించిననే పందెమున చోటు దొరకును. అదే దేశమున 1997లో వెలువడిన 'గ్రాన్ టురిస్మో' లో, మలుపు తిరుగుట, బ్రేకు వేయుట మొదలగు పరీక్షలలో కృతార్థుడై లైసెన్సు పొందినగాని పెక్కు పందెములలో ప్రవేశము లేదు. పిల్లలు పదిసార్లు తప్పి, పదునొకండవసారి నెగ్గుదురు. ఆ నెగ్గుట వారిది.

కనుక తల్లులకు నా మనవి. బిడ్డకు గేము కొనునప్పుడు పెట్టెమీది బొమ్మను, వర్ణనను నమ్మవలదు. దానిని ఇతరు లాడుచుండగా చిత్రించిన దృశ్యములను బిడ్డతో కూర్చుండి కాసేపు చూడుడు. ఎదుటి బండి నిజముగా పోటీపడుచున్నదా? తప్పు చేసిన వానికి ఓటమి గలదా? ఈ రెండును గమనించిన చాలును. కంప్యూటరు గేములు విక్రయించు స్టీమ్ అను అంగడిలో, కొన్న 14 దినములలోగా, రెండు గంటలు మించి ఆడకుండినచో, సొమ్ము తిరిగి కోరు సదుపాయము 2015 నుండి గలదు. ఇట్టి నియమములను కొనుటకు ముందే చదివి యుంచుకొనవలెను.

మరునాటి రాత్రి వామనగుంటల పీట దింపి, "ఇవాళ్టి నుంచి నేను ఆగను" అని వానితో చెప్పితిని. ఓడిపోయెను. రెండవ రాత్రియు, మూడవ రాత్రియు ఓడెను. మూడవనాడు అన్నము తినక పడుకొనెను. పిక్కలు తప్పుగా వేసిన బాగుండెడిదేమో యని నాకును నిద్రపట్టలేదు. తరువాత వాడు వేయుటకు ముందు గుంటలు లెక్కించుట మొదలుపెట్టెను. పండ్రెండవ రాత్రి గెలిచెను. కేక వేయలేదు, వీధిలోనికి పరుగెత్తలేదు. తన పిక్కలను పీటమీద కుప్పపోసి, సరిగా ఉన్నవో లేవో యని రెండుమార్లు లెక్కపెట్టుకొని, "నువ్వు ఆగలేదు కదా?" అని అడిగెను.

ఆగలేదని చెప్పితిని. అది నిజము.