చేవ్రాలు చేయుటకు ముందు

మా వేమగల్ ప్రాంతమున పలువురి యిండ్లలో మాట తెలుగు. ఆస్తి పత్రములు మాత్రము కన్నడమున నుండును. దస్తావేజు లేఖరి చదివి వినిపించిన దానిని నమ్మి పెద్దలు వేలిముద్ర వేయుచున్నారు. ఇచ్చట పారిశ్రామిక ప్రదేశ మేర్పడిన పిమ్మట స్థలముల క్రయవిక్రయములును, అద్దె యిండ్లును హెచ్చినవి. కావున కన్నడము చదువనేర్చిన పై తరగతుల విద్యార్థులు ఈ పత్రములలోని ముఖ్య నిబంధనలను గ్రహించి యింటిలో వివరింపవలెనని మా కోరిక.

మొదట కరారునకును క్రయపత్రమునకును గల భేదము తెలియవలెను. ఒక విద్యార్థి తండ్రి బయానా యిచ్చి, స్టాంపు కాగితముపై కరారు వ్రాయించుకొని, స్థలము తనదే యైనదని తలచి నాలుగేండ్లు ఊరకుండెను. ఆ కాగితమును చూచినప్పుడు మాకు నోట మాట రాలేదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 54వ సెక్షను ప్రకారము విక్రయపు కరారు మాత్రమున ఆస్తిపై హక్కు కలుగదు. 100 రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తికి రిజిస్టరైన క్రయపత్రము ఉండి తీరవలెను. అమ్మువాడు మాట తప్పినచో, కరారులోని గడువు తేదీ నుండి 3 సంవత్సరములలోపల దావా వేయవలెను. తేదీ లేనిచో, అతడు నిరాకరించినట్లు తెలిసిన నాటినుండి లెక్క. ఆయన కాగితమున గడువు 6 నెలలని స్పష్టముగనే యున్నది. ఎవరును ఆయనకు చదివి చెప్పలేదు.

క్రయపత్రమున "క్రయధనము పూర్తిగా ముట్టినది" అను వాక్య ముండును. సొమ్ము చేతి కందక మునుపు అమ్మువారు దానిక్రింద చేవ్రాలు చేయరాదు. కొనువారు చెక్కుబందీని చేతబట్టుకొని స్థలమునకు పోయి నాలుగు హద్దులను చూచుకొనవలెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు ప్రభుత్వము మంజూరు చేసిన భూమి యైనచో, 1978 నాటి కర్ణాటక చట్టము ననుసరించి ప్రభుత్వ ముందస్తు అనుమతి లేని విక్రయము చెల్లదు.

ఇక అద్దె పత్రములు. ఏడాదికి మించిన కౌలు రిజిస్టరు కావలెను గనుక 11 నెలలకే వ్రాయుట వాడుక. నెలవారీ అద్దెకున్న వారిని ఖాళీ చేయింపవలెనన్న 15 దినముల నోటీసు చాలును. పత్రమున వేరు గడువున్నచో అదియే చెల్లును.

భోగ్యము వేరు. పెద్ద మొత్తమిచ్చి, అద్దె లేక కాపురముండి, గడువు తీరినపిదప ఆ మొత్తమును తిరిగి పుచ్చుకొనుట. చట్టరీత్యా ఇది యొక విధమగు తనఖాయే గనుక ఇద్దరు సాక్షులతో రిజిస్టరు కావలెను. ఉత్త స్టాంపు కాగితమును నమ్మి జీవితకాలపు పొదుపు నప్పగించుట సాహసమే. ఆ యిల్లు అంతకు మునుపే తనఖాలో నున్నదేమో తెలియుటకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఋణభార పత్రము తీసికొనవలెను. రిజిస్టరు కాని కరార్లు అందు కానరావు. వానిని ఇరుగుపొరుగు నడిగియే తెలిసికొనవలెను.