అతికించిన కండ ఎందుకు తగ్గుతుంది?

నాలుక కేన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయ్యాక, నోట్లో కొత్తగా అమర్చిన కండను చూసి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. నోరంతా అదే నిండి ఉంటుంది. కొన్ని నెలలు గడిచాక భయం ఇంకోలా మొదలవుతుంది: పెట్టింది కరిగిపోతోందేమిటని. ఈ రెండూ సర్జన్ ముందే లెక్క వేసుకున్నవే. ఆ లెక్క రోగికి చెప్పే తీరిక మాత్రం చాలాచోట్ల ఉండదు.

తీసేసిన నాలుక, బుగ్గ, దవడ చోటును పూడ్చడానికి ఒంట్లో మరోచోటి నుంచి చర్మం, కొవ్వు, కండరం, అవసరమైతే ఎముకను కూడా రక్తనాళాలతో సహా తెస్తారు. ఇదే ఫ్లాప్. ముంజేతిది పల్చన, తొడది మందం. వీటి నాళాలను మెడలోని నాళాలకు మైక్రోస్కోపు కింద కుట్టాలి. ఛాతీ కండరానికి ఆ అవసరం లేదు. రక్తనాళాలు తెంచకుండానే దాన్ని మెడ చర్మం కిందుగా పైకి తిప్పుతారు. 1979లో వెలుగులోకి వచ్చిన ఈ పద్ధతిని మన దేశంలో ఇప్పటికీ విరివిగా వాడుతున్నారు.

మొదటి వాపు కొన్ని వారాల్లో దిగుతుంది. అసలు తరుగు ఆ తర్వాతే. కండరం బతకడానికి రక్తం చాలు గానీ, కండ నిలవాలంటే నరం కావాలి. నరం తెగితే కండరానికి పని ఉండదు, నెలల తరబడి సన్నబడుతూ పోతుంది. కొవ్వుకి ఈ ఇబ్బంది లేదు. అందుకే కొవ్వు పాలు ఎక్కువున్న ఫ్లాప్ పరిమాణాన్ని బాగా నిలుపుకుంటుంది. కాకపోతే అది ఒంటి బరువు వెంట నడుస్తుంది. మింగలేక మనిషి చిక్కితే అదీ చిక్కుతుంది, తర్వాత ఒళ్లు చేస్తే అదీ లావెక్కుతుంది. చోటు మారినా తొడ చర్మం తొడ చర్మమే. కొందరికి నోట్లో వెంట్రుకలు కూడా మొలుస్తాయి!

ఈ తరుగుకి రేడియేషన్ తోడవుతుంది. మన రోగులు ‘కరెంటు పెట్టడం’ అనే ఈ చికిత్స మిగిలిన కేన్సర్ కణాలను చంపడానికే. కానీ ఆ దెబ్బకు ఫ్లాప్‌లోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని, కణజాలం నారకట్టి, బిగిసి, ముడుచుకుంటుంది.

కాస్త తగ్గితే ఏమవుతుందంటారా? మింగేటప్పుడు నాలుక అంగిలిని నొక్కితేనే ముద్ద గొంతులోకి జారుతుంది. ట, డ, ణ, ళ పలకాలన్నా నాలుక పైకి చేరాలి. నాలుకలో ఎక్కువ భాగం పోయినవారికి ఫ్లాప్ ఎత్తే ఆధారం. అది కుంగితే ముద్ద నోట్లోనే మిగిలిపోతుంది, మాట ముద్దగా వస్తుంది.

అందుకే ఉతికితే ముడుచుకునే నూలు బట్టకి దర్జీ కొలత పెంచినట్టు, సర్జన్ కావాలనే ఫ్లాప్‌ను పెద్దదిగా పెడతాడు. ఎక్కువైతే తర్వాత చెక్కి తగ్గించవచ్చు. తక్కువైతే, అదీ రేడియేషన్ తిన్న చోట, మళ్లీ నింపడం చాలా కష్టం.

రోగి చేతిలో ఉన్నది తిండి. నోటితో తినలేనప్పుడు డాక్టరు ముక్కు గొట్టం వేస్తామంటే కాదనకండి. నెమ్మదిగా, మెత్తగా తగ్గుతున్న ఫ్లాప్‌ను చూసి బెంగ వద్దు. తగ్గినది మళ్లీ ఉబ్బినా, గట్టిపడినా, పుండు పడినా, తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు చూపించండి.